పేపర్ ఆక్సెప్ట్ అయిన రోజే ముగించాల్సిన పని

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చిన డబ్బుతో చేసిన పరిశోధన పేపర్‌గా వస్తే దాన్ని ఆ సంస్థే నడిపే ఆన్‌లైన్ భాండాగారం పబ్‌మెడ్ సెంట్రల్‌లో అందరూ ఉచితంగా చదువుకునేలా పెట్టాలి. ఈ నియమం కొత్తది కాదు. 2005లో ‘వీలైతే పెట్టండి’ అన్నారు. అలా అంటే ఎంతమంది పెడతారో తెలిసిందే. 2007 డిసెంబరులో అమెరికన్ కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలోనే ఆ మాట చేర్చింది. దాంతో 2008 ఏప్రిల్ 7 నుంచి జర్నల్ ఆక్సెప్ట్ చేసిన, అంటే ప్రచురణకు ఒప్పుకున్న ఇలాంటి పేపర్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. అప్పట్లో ప్రచురణ తర్వాత పన్నెండు నెలల దాకా పేపర్‌ను మూసి ఉంచుకునే వెసులుబాటు ఉండేది. ల్యాబుల్లో చాలామందికి ఇప్పటికీ గుర్తున్నది ఆ పన్నెండు నెలలే. చిక్కంతా అక్కడే వస్తోంది.

2022 ఆగస్టులో వైట్‌హౌస్ సైన్స్ కార్యాలయం ఫెడరల్ సంస్థలన్నిటికీ ఒక మెమో పంపింది. 2025 ముగిసేలోగా ఈ పన్నెండు నెలల గడువును ఎత్తేయాలన్నది దాని సారం. ఎన్‌ఐహెచ్ తన కొత్త విధానాన్ని 2024 డిసెంబరులో ప్రకటించింది. అమలు తేదీ మొదట 2025 డిసెంబరు 31. తర్వాత 2025 ఏప్రిల్‌లో దాన్ని ఆరు నెలలు ముందుకు జరిపి 2025 జులై 1 చేశారు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది పేపర్ అచ్చయిన తేదీ కాదు, ఆక్సెప్ట్ అయిన తేదీ. జూన్ 30న ఆక్సెప్ట్ అయి సెప్టెంబరులో వచ్చిన పేపర్‌కు పాత నియమం వర్తిస్తుంది. జులై 1న ఆక్సెప్ట్ అయితే కొత్తది. కొత్త నియమంలో రెండు ముక్కలే ఉన్నాయి: ఆక్సెప్ట్ కాగానే మాన్యుస్క్రిప్ట్ ఇచ్చేయాలి, జర్నల్‌లో తుది రూపం బయటికొచ్చిన రోజే అది పబ్‌మెడ్ సెంట్రల్‌లోనూ కనిపించాలి. ఆన్‌లైన్, ప్రింట్ రెండూ ఉంటే ఏది ముందొస్తే అదే ప్రచురణ తేదీ.

ఇవ్వాల్సింది ఏ కాపీ అన్నది తర్వాతి ప్రశ్న. రివ్యూయర్లు అడిగిన మార్పులన్నీ చేశాక ఎడిటర్ ఒప్పుకున్న మీ సొంత ఫైల్ ఇవ్వాలి. బొమ్మలు, టేబుళ్లు, సప్లిమెంట్ కూడా అందులో భాగమే. సప్లిమెంట్‌ను చాలామంది మర్చిపోతారు. మొదట పంపిన డ్రాఫ్ట్ పనికిరాదు. ప్రీప్రింట్ సర్వర్లో పెట్టిన కాపీ కూడా పనికిరాదు, ఎందుకంటే అది పీర్ రివ్యూకు ముందుది. జర్నల్ లోగో, పేజీ నంబర్లతో ముస్తాబై వచ్చిన ప్రూఫ్ పీడీఎఫ్ చూడ్డానికి బాగుంటుంది కాబట్టి అదే ఎక్కించేస్తుంటారు. కానీ ఆ రూపం పబ్లిషర్‌ది, వాళ్ల అనుమతి లేకుండా మీరు ఇవ్వకూడదు. పబ్‌మెడ్ సెంట్రల్‌తో ఒప్పందం ఉన్న జర్నళ్లయితే తుది ప్రచురిత రూపాన్ని తామే నేరుగా పంపుతాయి, అప్పుడు మీకు పని తగ్గుతుంది.

‘ఓపెన్ యాక్సెస్‌కు డబ్బు కట్టాం కదా, ఇంకేం కావాలి’ అనే మాట తరచూ వినిపిస్తుంది. జర్నల్ సైటులో ఉచితంగా దొరకడం వేరు, పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉండడం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. డబ్బు కట్టేముందే ‘పబ్‌మెడ్ సెంట్రల్‌కు పంపేది మీరా, మేమా? మీరైతే ఏ రూపం పంపుతారు?’ అని పబ్లిషర్‌ను అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.

మీరే పంపాలంటే దారి ఎన్‌ఐహెచ్‌ఎంఎస్, అంటే మాన్యుస్క్రిప్టులు తీసుకునే ఎన్‌ఐహెచ్ సైటు. గ్రాంట్ పనులకు వాడే ఈరా కామన్స్ ఖాతాతో లాగిన్ కావచ్చు. జర్నల్ పేరు, పేపర్ శీర్షిక ఇచ్చి, ఫైళ్లు ఎక్కించి, గ్రాంట్ నంబర్ జతచేసి, రివ్యూయర్ ఎవరో చెప్పాలి. ఈ రివ్యూయర్ జర్నల్ రివ్యూయర్ కాదు. ఆ మాన్యుస్క్రిప్ట్‌కు పూచీ పడే రచయితో, గ్రాంట్ తీసుకుని పరిశోధన నడిపే పీఐయో ఆ పాత్రలో ఉండాలి. ఫైళ్లు ఎక్కించే పని లైబ్రేరియన్ చేయొచ్చు, ల్యాబ్ మేనేజర్ చేయొచ్చు, ఆమోదం మాత్రం రివ్యూయరే ఇవ్వాలి. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఫైళ్లు సరిగ్గా ఉన్నాయని మొదటిసారి. వాళ్లు దాన్ని వెబ్ రూపంలోకి మార్చి పంపాక, అదీ సరిగ్గానే ఉందని రెండోసారి. పేపర్లు ఎక్కువగా ఆగిపోయేది ఈ రెండు ఆమోదాల దగ్గరే. మెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదా ‘ఒకసారి ఓకే అన్నాంగా’ అనుకుని రెండోదాన్ని ఎవరూ తెరవరు. పబ్లిషరే ఎన్‌ఐహెచ్‌ఎంఎస్‌లో ఎక్కించినా ఈ ఆమోదాలు మీకు తప్పవు. గ్రాంట్ జతపడిందో లేదో చూసుకోవడం కూడా మీ పనే.

రెండో ఆమోదాన్ని తొందరలో నొక్కేయకండి. మార్పిడిలో దెబ్బతినేవి గుర్తులు. పాత వర్డ్ ఫైళ్లలో మ్యూ అక్షరాన్ని సింబల్ ఫాంట్‌తో టైపు చేసి ఉంటారు. లోపల ఉండేది మామూలు ఎమ్ అక్షరమే, ఫాంట్ దానికి మ్యూ వేషం వేస్తుంది. మార్పిడిలో ఫాంట్ ఊడిపోతే మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము అయి కూర్చుంటుంది, అంటే వెయ్యి రెట్లు. మందు మోతాదులున్న పేపర్లో ఇది చిన్న తప్పు కాదు. అందుకే మోతాదులు, మైనస్ గుర్తులు, టేబుళ్లలో విలీనమైన గడులు, బొమ్మల వరుస మూల ఫైల్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. అయితే అక్కడ సరిచేయించుకోవాల్సింది మార్పిడి తప్పులను మాత్రమే, వాక్యాలు మెరుగుపరచుకునే చోటు కాదది.

అన్నీ అయ్యాక వచ్చేది పీఎంసీఐడీ, అంటే పీఎంసీ అనే మూడక్షరాల వెనక అంకెలు. పీఎంఐడీ అన్నది వేరే నంబర్, ఉత్త అంకెలే ఉంటాయి. పబ్‌మెడ్ అనే సారాంశాల జాబితాలో పేపర్ చేరినందుకు అది వస్తుంది. దాన్ని చూపించి నియమం పాటించామంటే చెల్లదు. ఎన్‌ఐహెచ్‌ఎంఎస్ ఐడీ కూడా దారిలో ఇచ్చే తాత్కాలిక రసీదులాంటిదే. మై బిబ్లియోగ్రఫీ అనే ఆన్‌లైన్ పేపర్ల జాబితాలో మీ పేపర్ పక్కన చుక్క రంగు చూస్తే సంగతి తెలిసిపోతుంది: ఆకుపచ్చ అయితే అయిపోయింది, పసుపు అయితే నడుస్తోంది, ఎరుపు అయితే ఎవరూ పట్టించుకోలేదు. ఎరుపు చుక్కలతో వార్షిక నివేదిక పంపితే వచ్చే ఏడాది గ్రాంట్ డబ్బు ఆగుతుంది. 2013 నుంచి ఎన్‌ఐహెచ్ దీన్ని అమలు చేస్తోంది. ఎక్కువ గ్రాంట్లకు ఆ నివేదిక గడువు బడ్జెట్ ఏడాది మొదలవడానికి 45 రోజుల ముందు. ఆ వారంలో కూర్చుని రెండేళ్ల కిందటి ఫైళ్లు వెతుక్కోవడం కంటే, ఆక్సెప్టెన్స్ మెయిల్ వచ్చిన రోజు సాయంత్రం ఓ అరగంట కేటాయించడం నయం.

కాపీరైట్ పత్రం మీద సంతకం చేసేముందు ఎంబార్గో (ఇన్ని నెలలు మూసి ఉంచాలనే షరతు) అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. గ్రాంట్ తీసుకున్నప్పుడే ప్రభుత్వానికి ఆ రచనను వాడుకునే హక్కు దక్కింది. మీరు పబ్లిషర్‌కు ఇస్తున్న హక్కులు దాని తర్వాతివి. ఈ మాట మాన్యుస్క్రిప్ట్‌లోనే చెప్పేందుకు ఎన్‌ఐహెచ్ ఒక నమూనా వాక్యం ఇచ్చింది. మొదటిసారి సబ్మిట్ చేసేటప్పుడే దాన్ని కృతజ్ఞతల భాగంలో పెట్టేస్తే, తర్వాత ‘మాకు తెలియదే’ అనే మాట రాదు.

ఖర్చు గురించి రెండు ముక్కలు. ఎన్‌ఐహెచ్‌ఎంఎస్‌లో పెట్టడానికి రూపాయి కాదు, డాలరు కాదు, ఏమీ కట్టక్కర్లేదు. కేవలం మాన్యుస్క్రిప్ట్‌ను అక్కడ పెట్టుకోనిచ్చినందుకు పబ్లిషర్ విడిగా రుసుము అడిగితే దాన్ని గ్రాంట్ మీద రాయడం కుదరదు. అందరి దగ్గరా ఒకేలా తీసుకునే, సహేతుకమైన ప్రచురణ రుసుమైతే రాయొచ్చు.

పీఐకి పేపర్లో పేరు లేకపోయినా, గ్రాంట్ ముగిసిపోయినా, ఆ గ్రాంట్ నుంచి వచ్చిన పేపర్ బాధ్యత పోదు. కాబట్టి పోస్ట్‌డాక్ ల్యాబ్ వదిలి వెళ్లేలోపు పెండింగులో ఉన్న ప్రతి మాన్యుస్క్రిప్ట్‌కూ రివ్యూయర్‌గా ఎవరి పేరుందో తెరిచి చూసి, అది పోస్ట్‌డాక్‌దే అయితే పీఐ పేరుకు మార్పించండి. వెళ్లిపోయిన మనిషి యూనివర్సిటీ మెయిల్ మూతపడితే ఆ రెండో ఆమోదం లింకు ఎవరికీ అందదు.