27 గంటల 22 నిమిషాలు: చెప్పకుండా మూతపడే ప్రోగ్రాము వెనక ఉన్న లెక్క

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రతలు నమోదు చేసే కంప్యూటరు బాధ్యత నాది. గదుల్లో బిగించిన సెన్సర్ల తీగలన్నీ ఆర్‌ఎస్-485 అనే సమాచార లైను మీదుగా ఆఫీసు గదికి వచ్చి, ఒక చిన్న కన్వర్టరు ద్వారా డెస్క్‌టాప్ యూఎస్‌బీ పోర్టులో కలుస్తాయి. సెన్సర్లు అమ్మిన సంస్థే ఇచ్చిన 32 బిట్ల ప్రోగ్రాము ప్రతి 10 సెకన్లకు రీడింగులు తీసుకుని, తెర మీద గ్రాఫు గీసి, గంటకోసారి ఫైల్లో రాస్తుంది. గత వేసవిలో ఆ ప్రోగ్రాము ఏ సందేశమూ చూపకుండా మాయమవడం మొదలుపెట్టింది. కంప్యూటరు నడుస్తూనే ఉండేది, తెర వెలుగుతూనే ఉండేది, ప్రోగ్రాము కిటికీ మాత్రం ఉండేది కాదు.

దీన్ని నేను చిన్న విషయంగా తీసుకోలేకపోయాను. రైతులు అక్కడ బస్తాలు నిల్వపెట్టి, అందుకు ఇచ్చే బాండ్ల మీద బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. రేపు కాయ రంగు తగ్గిందనో, బూజు పట్టిందనో తగవు వస్తే యాజమాన్యం చూపించగలిగేదీ, రైతు చూపించమని అడగగలిగేదీ ఆ ఉష్ణోగ్రతల రికార్డే. అందులో ఒక రాత్రంతా ఖాళీగా ఉంటే ఆ రాత్రి గది చల్లగానే ఉందని ఎవరు మాత్రం నమ్ముతారు?

మొదట అందరి అనుమానమూ కరెంటు మీదకే పోయింది. అమ్మోనియా కంప్రెసరు స్టార్టు అయినప్పుడల్లా అక్కడ లైట్లు ఒక్క క్షణం మసకబారతాయి కాబట్టి అది సహజమైన అనుమానమే, కానీ విద్యుత్తు దెబ్బ అయితే కంప్యూటరంతా రీస్టార్టు కావాలి తప్ప ఒక్క ప్రోగ్రామును మాత్రమే ఏరుకుని ఆపదు. తరువాత కన్వర్టరును అనుమానించాను. విద్యుత్తు ఆదా కోసం విండోస్ యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చే సెట్టింగును తీసేసిన తరువాత మధ్యమధ్య రీడింగులు తప్పిపోవడం ఆగింది గానీ, ప్రోగ్రాము మూతపడడం ఆగలేదు. యాంటీవైరస్ జాబితాలోంచి ఆ ఫోల్డరును మినహాయించి చూశాను. ఫలితం లేదు.

అసలు మొదటిరోజే చూడవలసిన చోటును నేను వారం ఆలస్యంగా చూశాను. కంప్యూటరులో జరిగిన సంఘటనల నమోదులను చూపే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద, అప్లికేషన్ అనే విభాగంలో ప్రతిసారీ 1000 నంబరుతో ఒక నమోదు ఉంది. లోపం జరిగిన మాడ్యూలు ఆ ప్రోగ్రామే, లోపం రకం యాక్సెస్ వయొలేషన్, అంటే తనది కాని జ్ఞాపకస్థానాన్ని ప్రోగ్రాము ముట్టుకోబోయింది. తెర మీద హెచ్చరిక పెట్టె రాకపోవడానికి కారణం ఆ కంప్యూటరులో ఎవరో ఎప్పుడో ఆ పెట్టెలను చూపవద్దని సెట్టింగు మార్చడమే. ఈ నమోదులన్నింటిలో నన్ను పట్టి ఆపిన సంగతి ఒకటుంది. లోపం జరిగిన ఆఫ్‌సెట్, అంటే ప్రోగ్రాములో అది జరిగిన చోటు, ప్రతిసారీ ఒకటే. ర్యామ్ చెడిపోయి ఉంటే ఒక్కోసారి ఒక్కోచోట కూలేది. ఇది మాత్రం ఒకే మెట్టు దగ్గర జారిపడుతోంది.

అప్పుడు కూడా "రాత్రిళ్ళే ఆగిపోతోంది" అన్న మాట నా బుర్రలోంచి పోలేదు. రాత్రి డ్యూటీ ఆపరేటరు గారి దగ్గర షిఫ్టు పుస్తకం ఉంటుంది. దాన్ని ఈవెంట్ వ్యూయర్ సమయాల పక్కన పెట్టి చూస్తే లాగ్‌లో పగటి క్రాష్‌లు కూడా కనిపించాయి. అడిగితే ఆయన, "పగలు ఆగితే ఎవరో ఒకళ్ళం చూసి మళ్ళీ తెరిచేస్తాం సార్. తెరిచిన టైము పుస్తకంలో రాస్తాం గానీ, మీకు ఫోను చేసి చెప్పేంత సంగతనుకోలేదు" అన్నారు. రాత్రి ఆగినప్పుడు ఎవరూ చూడరు గనక రికార్డులో ఖాళీ పడుతుంది, ఖాళీ పడింది గనక నా దాకా వస్తుంది. నేను వెదుకుతున్నదంతా ఆ ఖాళీల గురించే.

పుస్తకంలోని ఆ సమయాలే దారి చూపించాయి. సోమవారం ఉదయం 6:10కి తెరిచిన ప్రోగ్రాము మంగళవారం ఉదయం 9:32కి కూలింది. 9:40కి తిరిగి తెరిస్తే బుధవారం మధ్యాహ్నం 1:02కి కూలింది. 1:30కి తెరిస్తే గురువారం సాయంత్రం 4:52. గడియారం ప్రకారం చూసినన్నాళ్ళూ పొంతన లేని ఈ సమయాలు, తెరిచినప్పటి నుంచి లెక్కిస్తే ప్రతిసారీ 27 గంటల 22 నిమిషాలు. ఒక కాగితం మీద ఈ తీసివేతలు రెండోసారి చేసి చూసుకున్నాను. గంటకు 360 రీడింగుల చొప్పున గుణిస్తే దాదాపు 9,850 రీడింగులు అవుతాయి, అంటే ఏదో ఒకటి 10,000 దగ్గర నిండిపోతోంది.

విండోస్‌లో గీతలు గీయడానికి వాడే పెన్నులు, బ్రష్షులు, ఫాంట్లు, బిట్‌మ్యాపులను జీడీఐ ఆబ్జెక్టులు అంటారు. ఒక ప్రోగ్రాము ఒకేసారి మామూలుగా 10,000 వరకే వాటిని పట్టుకుని ఉండగలదు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీకి వెళ్ళి, పైవరుస మీద కుడి క్లిక్ చేసి, జీడీఐ ఆబ్జెక్ట్స్ అనే నిలువు వరుసను చేర్చి, కుర్చీ లాక్కుని ఆ అంకె ముందు కూర్చున్నాను. తెరవగానే 148. గ్రాఫు కదిలిన ప్రతి 10 సెకన్లకూ ఒకటి పెరిగింది: 149, 150, 151. కిటికీని కిందికి దించగానే (మినిమైజ్ చేయగానే) అంకె నిలిచిపోయింది, పైకి తేగానే మళ్ళీ ఎక్కడం మొదలైంది. పక్కనే ఉన్న మెమరీ వరుసలో చెప్పుకోదగిన మార్పేమీ లేదు, అందుకే అంతకుముందు మెమరీ ఒక్కటే చూసి నేను తృప్తిపడి లేచిపోయాను. ఆ వేసవిలోనే ఇది ఎందుకు మొదలైందో కూడా అప్పుడు అర్థమైంది. అంతకుముందు ప్రోగ్రాము ఎక్కువసేపు కిందికి దించి ఉండేది. గ్రాఫు అందరికీ కనిపించాలని ఫిబ్రవరిలో గోడకు పెద్ద తెర బిగించి, దాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచుతున్నారు.

రుజువు కోసం రీడింగుల వ్యవధిని ఒక సెకనుకు తగ్గించాను. నా లెక్క నిజమైతే 2 గంటల 44 నిమిషాల్లో కూలాలి. ఉదయం 11:20కి మొదలుపెడితే మధ్యాహ్నం 2:04కి నా కళ్ళ ముందే మాయమైంది. అంతకుముందే విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో లోకల్‌డంప్స్ కీ చేర్చి, డంప్ రకాన్ని 2గా, అంటే పూర్తి డంప్‌గా పెట్టి ఉంచాను కాబట్టి, కూలిన క్షణంలో ప్రోగ్రాము లోపలి స్థితి అంతా ఒక ఫైలుగా దొరికింది. ఆ ఫైలునూ, తీసివేతల కాగితం ఫొటోనూ అమ్మిన సంస్థకు పంపాను. అంకెలు, పేర్లు రాయడానికి గ్రాఫు గీసిన ప్రతిసారీ ఒక కొత్త ఫాంటును సృష్టించి, పని అయ్యాక దాన్ని తొలగించడం మరిచారని వారు ఒప్పుకున్నారు. పరిమితి నిండాక గ్రాఫుకు కావలసిన బిట్‌మ్యాప్ తయారుకాదు, దాని చిరునామా సున్నాగా వస్తుంది, తయారైందో లేదో చూడకుండా ఆ సున్నా చిరునామాలో రాయబోయి ప్రోగ్రాము కూలిపోతుంది.

కొత్త వెర్షను వచ్చేదాకా కిటికీని కిందికి దించి ఉంచమన్నాను, షిఫ్టు మారినప్పుడల్లా ఒకసారి మూసి తెరవమన్నాను. రిజిస్ట్రీలో జీడీఐ పరిమితిని 65,536 దాకా పెంచుకోవచ్చని ఒక మిత్రుడు చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. అలా చేస్తే ఇదే లోపం వారానికి ఒకసారి, అందరూ దీన్ని మరిచిపోయాక వస్తుంది. దానికి బదులు సంస్థను మరొకటి పట్టుబట్టి అడిగాను: రీడింగులను గంటసేపు జ్ఞాపకంలో ఉంచుకోకుండా, తీసుకున్న వెంటనే ఫైల్లో రాయాలి. రేపు ఇంకేదైనా కారణంతో కూలినా పోయేది ఒక్క రీడింగే అవుతుంది.

కొత్త వెర్షను వచ్చి నెల దాటింది. గోడ మీది గ్రాఫు పగలూ రాత్రీ తెరిచే ఉంటోంది. ఆపరేటరు గారు నేను అడగకుండానే షిఫ్టు పుస్తకంలో ఉష్ణోగ్రతల పక్కన జీడీఐ అని ఒక గడి గీసి, షిఫ్టుకు ఒకసారి ఆ అంకె రాస్తున్నారు. నిన్నటి పేజీలో మూడు షిఫ్టుల్లోనూ 152 అనే ఉంది.