నవంబర్ 3, సెలవు

ఇవాళ ఇక్కడ జపాన్‌లో సెలవు. క్యాలెండర్‌లో 'సంస్కృతి దినం' అని ఉంటుంది. పొద్దున్నే అమ్మ వీడియో కాల్ చేసి "ఇవాళేం పండగే?" అంటే, "ఒకప్పటి రాజుగారి పుట్టినరోజమ్మా" అన్నాను. ప్రభుత్వం అలా ఒప్పుకోదులెండి. 1946లో కొత్త రాజ్యాంగాన్ని ప్రకటించింది ఈ తేదీనే కాబట్టి సెలవు అంటుంది. కానీ 1927 నుంచి 1947 దాకా ఈ రోజు పేరు మెయిజీ దినం. 1852లో ఇదే తేదీన క్యోటోలో మెయిజీ చక్రవర్తి పుట్టాడు. పేరు మార్చారు, సెలవు మాత్రం అక్కడే ఉంది.

"అయితే ఆయనేం చేశాడు?" అంది అమ్మ.

ఆయన కాలంలో జరిగినవైతే గుక్కతిప్పుకోకుండా చెప్పొచ్చు. 1867లో, 14 ఏళ్లకు గద్దెనెక్కాడు. మరుసటి ఏడాదికల్లా షోగున్ల (రాజు పేరుతో దేశాన్నేలిన సేనాధిపతుల) పాలన పోయింది, 'ఎదో' అనే నగరం పేరు టోక్యో అయింది. 1872లో షింబాషి నుంచి యొకొహామాకు రైలు, 1889లో రాజ్యాంగం, 1895కి చైనా మీద, 1905కి రష్యా మీద గెలుపు. వీటిలో ఆయన చేసిందెంత, సత్సుమా, చోషు ప్రాంతాల నుంచి వచ్చిన నాయకులు ఆయన పేరు పెట్టి చేసిందెంత అంటే మాత్రం తేల్చడం కష్టం. అందుకే అమ్మకి "జుట్టు కత్తిరించుకున్నాడమ్మా" అని చెప్పాను. జోక్ కాదు. మగవాళ్లు పిలకలు తీసేయొచ్చని 1871లోనే ఆజ్ఞ వచ్చింది, చాలామంది పట్టించుకోలేదు. 1873లో రాజే క్రాఫు చేయించుకున్నాక ఇంకెవరు ఆగుతారు?

ఇంకో ముచ్చట. ఫోటో అంటే ఆయనకు పడేది కాదు. బడి పిల్లలందరూ వంగి దండం పెట్టిన ఆ ప్రసిద్ధ చిత్రం అసలు ఆయన ఫోటోనే కాదు. 1888లో కియోస్సోనే అనే ఇటలీ చిత్రకారుడు విందులో ఆయనకు కనబడకుండా కూర్చుని ముఖం గీసుకున్నాడట. తర్వాత పూర్తిచేసిన ఆ బొమ్మను ఫోటో తీసి దేశమంతా పంచారు. దేశానికి తెలిసిన రాజు ముఖం ఒక బొమ్మ!

మధ్యాహ్నం టోక్యోలోని హరాజుకుకి వెళ్లాం, ఆ చక్రవర్తి పేరిట ఉన్న గుడి మెయిజీ జింగూకి. గుడి దారంతా బుల్లి కిమోనోల్లో పిల్లలే. ఏడు, అయిదు, మూడేళ్ల పిల్లలను గుడికి తీసుకొచ్చే నెల ఇది. ఓ చిన్నది చెప్పు విసిరేసి రానని మొండికేసింది, తాతగారు వంగి చెప్పు ఏరుకుంటున్నారు.

చక్రవర్తి సమాధి ఇక్కడ లేదు, క్యోటో దగ్గర మొమొయామాలో ఉంది. 1912లో ఆయన పోయాక, సమాధి దక్కని టోక్యో వాళ్లు గుడి అయినా కావాలని పట్టుబట్టారు. 1920లో కట్టారు. 1945 బాంబుదాడుల్లో అసలు మందిరం కాలిపోతే 1958లో మళ్లీ లేపారు. నాకు గుడి కన్నా ఆ అడవే ఇష్టం. సుమారు 70 హెక్టార్లు. అప్పట్లో చాలావరకు చెట్లు లేని నేల. జనం దేశం నలుమూలల నుంచి దాదాపు లక్ష మొక్కలు పంపారు. నిక్కో అనే ఊళ్లో లాగా దేవదారు చెట్లు వరసగా నాటాలన్నాడు ప్రధాని ఒకుమా. టోక్యో పొగకూ నేలకూ అవి నిలవవని హోండా సెయిరోకు అనే అటవీ శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. కర్పూరం, ఓక్ లాంటివి కలిపి నాటించాడు, నూరేళ్లు దాటాక మనిషి చెయ్యి పడకుండానే పెరిగే అడవిగా. దారి మీద రాలిన ఆకులు ఊడ్చి మళ్లీ చెట్లకిందికే చేరుస్తారు, పారేయరు. ప్రధాని మాటకు ఎదురుచెప్పిన ఆ నిపుణుడికి ఒక దండం.

ఈ గుడి జాతకం చీటీల్లో శుభం, అశుభం ఉండవు, పద్యాలుంటాయి. చక్రవర్తి జీవితంలో 93 వేలకు పైగా వాకాలు, అంటే చిన్న జపనీస్ పద్యాలు, రాశాడు. మంత్రులు రాసిచ్చింది కాదు కదా ఇదైనా. నాకు మహారాణి పద్యం వచ్చింది, మా ఆయనకు చక్రవర్తిది. "చూశావా, నేనే రాజు" అన్నాడు. సరేలే అన్నాను, సంచులు ఆయన చేతికే ఇచ్చి.

చక్రవర్తి రాసిన వాటిలో నన్ను వదలనిది 1904 నాటిది. నాలుగు సముద్రాలవాళ్లూ అన్నదమ్ములే అనుకుంటుంటే, ఈ అలలూ గాలులూ ఎందుకిలా రేగుతున్నాయని దాని భావం. రష్యా యుద్ధం మొదలైన ఏడాది అది. 1941 సెప్టెంబర్ 6న, అమెరికాతో యుద్ధానికి సిద్ధమవ్వాలని మంత్రులు, సేనాపతులు సమావేశమైతే, ఆయన మనవడు, అప్పటి చక్రవర్తి అయిన హిరోహితో, జేబులోంచి కాగితం తీసి ఈ పద్యమే చదివాడు. అందరూ విన్నారు. మూడు నెలలకు పెర్ల్ హార్బర్ మీద దాడి.

మా ఆఫీసులో ఒక కొరియా ఆవిడ ఉంది. మొన్న సరదాగా "మీరూ రండి" అంటే, "అక్కడికి మాత్రం రాను" అని నవ్వేసింది. నేనూ ఎందుకని అడగలేదు. 1910లో కొరియాను జపాన్ కలిపేసుకున్నది మెయిజీ పాలనలోనే. 1895లో తైవాన్‌ను కూడా. ఇప్పుడు దారిలో నిలబడి ఉన్న 12 మీటర్ల పెద్ద తోరణం 1975లో కట్టారు, దాని కలప తైవాన్‌దే. అందరూ దానికింద ఆగి సెల్ఫీలు తీసుకుంటున్నారు. మేమూ తీసుకున్నాం. రేపు ఆవిడ సెలవు ఎలా గడిచిందని అడుగుతుంది. అడవి గురించి చెప్తాను, ఫోటో చూపించను.