బండి లెక్క: నెల్లూరులో వేదాయపాళెం నుంచి ట్రంకురోడ్డుకి

జనవరి 2025

సంక్రాంతి అయిపోయాక పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని, బండిదో కారుదో తాళం తిప్పిన ప్రతిసారీ ఎక్కడికి, ఎంత దూరం అని ఒక లైను రాయడం మొదలుపెట్టాను. పెట్రోలు లీటరు నూట పది దగ్గర ఉంది, పొట్ట కూడా ముందుకొస్తోంది, ఆ రెండూ కారణాలే అనుకోండి, కానీ అసలు మనం ఎంత తిప్పుతున్నామో తెలియకుండా తగ్గించేది ఏముంది అని ముందు లెక్క పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ స్టార్ట్ చేస్తే అది ఇంకోటి కింద లెక్క.

రెండు వారాలకి 63 వచ్చింది. ఆఫీసుకి పోయి రావడమే ఎక్కువ ఉంటుందని అనుకున్నా, అది 24 మాత్రమే. రెండు కిలోమీటర్ల లోపు తిరిగింది 32. పాలు, కరివేపాకు, మందుల షాపు, ఇస్త్రీ బట్టలు, గుడి. కరివేపాకు ఒక్కదాని కోసం 700 మీటర్లు కారులో పోయిన రోజు కూడా ఉంది, ఎందుకంటే బండికి అడ్డంగా ఎవరో స్కూటరు పెట్టారు. సిగ్గుపడుతూనే రాసుకున్నా.

ఫిబ్రవరి

నడక. దీని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, చెప్పులేసుకుని పోవడమే. ఇంటి నుంచి కిరాణా కొట్టుకి తొమ్మిది నిమిషాలు. బండి మీద మూడు నిమిషాలు, కానీ గేటు తీసి బండి బయట పెట్టి మళ్ళీ గేటు వేసి, అక్కడ పార్కింగ్ వెతుక్కునే సరికి ఏడు. అంటే నేను ఇన్నాళ్ళూ మిగుల్చుకున్నది రెండు నిమిషాలు.

ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా దాని మీద టిఫిన్ బండో ఫ్లెక్సీ కర్రలో ఉంటాయి కాబట్టి రోడ్డు మీదికి దిగాల్సిందే. కుడిపక్కన నడుస్తున్నా, ఎదురుగా వచ్చేవాడు కనిపిస్తాడు. ఎడమ పక్కన నడిస్తే వెనక నుంచి హారన్ కొట్టినప్పుడల్లా గుండె గొంతులోకి వస్తుంది. గుడ్డ సంచి ఒకటి చెప్పుల స్టాండుకి తగిలించి పెట్టా, సంచి మర్చిపోయిన రోజే రెండు కిలోల ఉల్లిపాయలు కొనబుద్ధి అవుతుంది.

మార్చి

సైకిల్ వచ్చింది. చెన్నైలో ఉద్యోగం వచ్చి పోతున్న కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 5,500కి. ఏడు గేర్లు ఉన్నాయి, నేను వాడేది రెండు. మన ఊరు బల్లపరుపు, ఎక్కుడు అంటే వంతెనలూ అండర్ బ్రిడ్జిల నుంచి పైకి వచ్చేదే, కాబట్టి గేర్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దని ఎవరైనా అడిగితే చెప్తా. షాపులో సర్వీసు, రెండు కొత్త ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, మడ్‌గార్డులు, క్యారియర్, వెనక ఎర్ర లైటు, తాళం, అన్నీ కలిపి ఇంకో 2,900 అయింది. ఈ రెండో ఖర్చు గురించి ముందు ఎవరూ చెప్పరు.

మొదటి వారం మోకాళ్ళు పట్టేశాయి. నాకు వయసైపోయిందనే అనుకున్నా. సైకిల్ షాపాయన చూసి సీటు రెండంగుళాలు పైకి లేపాడు, అంతే. పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి, తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి కొంచెం వంపు మిగులుతుంది. చిన్నప్పుడు నాన్న సైకిల్ అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకున్నవాళ్ళం, మనకి సీటు ఎత్తు గురించి ఎవరు చెప్పారు?

గాలి సంగతి. ఈ సైకిల్‌కి బండి ట్యూబుకి ఉండే లాంటి వాల్వే ఉంది కాబట్టి పెట్రోలు బంకులో కూడా పట్టించుకోవచ్చు. పాతకాలం సైకిళ్ళకి ఉండే సన్న వాల్వుకి బంకు గొట్టం పట్టదు, కొనేముందు చూసుకోండి. పది రోజులకోసారి గాలి పట్టకపోతే తొక్కడం బరువైపోతుంది, మనలో శక్తి తగ్గిందని అనుకుంటాం. పంక్చర్లు ఇప్పటికి మూడు, మూడూ లోపలి వీధుల్లోనే, ఖాళీ స్థలాల్లో సర్కారు తుమ్మ కొట్టేసి రోడ్డు పక్కన వేసిన ముళ్ళ వల్ల.

ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగున్నర కిలోమీటర్లు. జీటీ రోడ్డు పట్టుకుని దర్గామిట్ట దాటుకుని వీఆర్సీ సెంటర్ వైపు పోతే 22 నిమిషాలు. బండి మీద ఉదయం తొమ్మిదిన్నరకి 16. కొన్నాళ్ళు లోపలి వీధుల నుంచి పోయి చూశా, 26 పట్టింది, స్పీడ్ బ్రేకర్లూ కుక్కలూ. ఇప్పుడు పొద్దున లోపలి నుంచి, సాయంత్రం కుక్కలు లేచే టైముకి పెద్ద రోడ్డు మీద. షేర్ ఆటో ముందు ఉంటే మాత్రం దూరంగా ఉండాలి, చెయ్యెత్తిన మనిషి కనిపిస్తే ఉన్నచోటే ఆగిపోతాడు, అతని తప్పు అని కాదు, అదే అతని కూడు. కుడి హ్యాండిల్‌కి 150 రూపాయల అద్దం పెట్టించా. వీధిలో కుర్రాళ్ళు నవ్వారు. నేను కొన్నవాటిల్లో బాగా పనికొచ్చింది అదే.

ఇంకో సంగతి, మన ఊళ్ళో నలభై దాటిన మగవాడు సైకిల్ తొక్కితే రెండే కారణాలు అనుకుంటారు. మొదటి వారంలో పక్కింటాయన, "ఏంది సార్, కారు అమ్మేసినారా?" అని మెల్లగా అడిగాడు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంకో అడుగు ముందుకేసి, "షుగర్ ఎంతుండాది సార్?" అన్నాడు.

మే

కష్టం ఇక్కడ వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నేను ఎంత. ఏప్రిల్ దాకా వారంలో ఐదు రోజులు సైకిల్ మీద పోయినవాడిని మే చివరికి రెండు రోజులకి వచ్చా. ఆ రెండు రోజులు కూడా ఎనిమిదికే బయల్దేరి, ఆఫీసు తాళం నేనే తీసి, ఫ్యాను కింద పావుగంట కూర్చుని, తువ్వాలతో తుడుచుకుని వేరే చొక్కా వేసుకునేవాణ్ణి. చొక్కాని మడతపెట్టకుండా చుట్టి పెడితే ముడతలు తక్కువ పడతాయి. బ్యాగు వీపుకి తగిలించుకుంటే వీపంతా తడిసిపోతుంది, క్యారియర్‌కి రబ్బరు తాడుతో కట్టాక సగం చెమట తగ్గింది.

సాయంత్రం ఆరున్నర దాటాక కూడా రోడ్డు నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. నీళ్ళ సీసా చాలదు, ఉప్పేసిన మజ్జిగ ఉండాలి. ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి పంతానికి పోయి బ్యాంకు పని చేసుకొచ్చి, ఇంటికొచ్చాక తల తిరిగి పడుకున్నా, మా ఆవిడ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. ఆ రోజు నుంచి పది నుంచి ఐదు దాకా బయటికి పోవాలంటే బస్సో ఆటోనో. అప్పుడు నోటుబుక్కులో గీత పడకపోయినా డబ్బు ఖర్చవుతుంది, పర్లేదు.

జూలై

6వ తేదీ నుంచి రొట్టెల పండుగ. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు వైపు దారులన్నీ మళ్ళించారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. నెల్లూరులో బండి, కారు ఉండడం వల్ల ఉపయోగం లేని ఐదు రోజులు అవే. నేను సైకిల్ దిగి నెట్టుకుంటూ జనంలో నుంచి పోయా, ఒక పోలీసాయన చూసి నవ్వి వదిలేశాడు. ఆఫీసులో అందరికంటే ముందు నేనే ఉన్నా. కొంచెం గొప్పలు పోయినట్టే, ఒప్పుకుంటా.

చేపలు తేవడం కూడా ఈ నెలే నేర్చుకున్నా. ఆదివారం పులుసుకి కొరమీను కోయించి కవరులో పెట్టి క్యారియర్‌కి కట్టాను, ఇంటికొచ్చేసరికి నీళ్ళు కారి క్యారియర్, మడ్‌గార్డు, నా ప్యాంటు, అన్నీ వాసన. ఆ సాయంత్రం వీధిలో పిల్లులన్నీ నా సైకిల్ చుట్టూనే. ఇప్పుడు స్టీలు క్యాను పట్టుకుపోతున్నా, మూత బిగుతుగా ఉన్నది.

ఆగస్టు

15వ తేదీ నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచితం అయ్యాక మా ఇంట్లో లెక్కే మారిపోయింది. మా ఆవిడ వాళ్ళ అమ్మగారిది బుచ్చిరెడ్డిపాళెం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ రెండింట్లోనూ చెల్లుతుంది కాబట్టి ఏది వస్తే అది ఎక్కడం, ఆధార్ చూపించడం, సున్నా టికెట్ తీసుకోవడం. అంతకుముందు నెలకి నాలుగుసార్లు నేను కారు తీసి దించి రావాల్సి వచ్చేది, ఆ కారు గీతలన్నీ ఒక్కసారిగా నోటుబుక్కులో నుంచి పోయాయి. ఆరు నెలలు సైకిల్ తొక్కి నేను తగ్గించినదాన్ని ఆమె రెండు వారాల్లో దాటేసింది, ఆ మాట రోజుకోసారి గుర్తు చేస్తోంది.

సీటు దొరకడం కష్టమైందన్నది నిజం. ఉదయం ఎనిమిది లోపు, మధ్యాహ్నం మూడింటి తర్వాత కాలేజీ పిల్లలు ఎక్కకముందు అయితే కూర్చుని పోవచ్చట.

సెప్టెంబరు

నెలకి రెండుసార్లు కావలి బ్రాంచికి పోవాలి. కారులో పోయి వస్తే 110 కిలోమీటర్ల దాకా, ఏడెనిమిది వందల పెట్రోలు. ఇప్పుడు రైల్లో. ఇంటి నుంచి స్టేషనుకి సైకిల్, అక్కడ స్టాండులో పెట్టి, ప్యాసింజరులో కావలి, దిగాక బ్రాంచికి కిలోమీటరున్నర నడక. ప్యాసింజరు టికెట్ బస్సు టికెట్లో నాలుగో వంతు కూడా ఉండదు. ఫోన్లో టికెట్ తీసుకునేవాళ్ళు స్టేషను బయట ఉన్నప్పుడే తీసుకోండి, ప్లాట్‌ఫారం మీద నిలబడి నొక్కితే తీసుకోదు, పట్టాలకి కొంచెం దూరంగా ఉండాలి. మొదటిసారి ఇది తెలియక బయటికి పరిగెత్తి, టికెట్ వచ్చాక లోపలికి పరిగెత్తేసరికి గార్డు పెట్టె వెళ్ళిపోతూ కనిపించింది. ఆ రోజు బస్సులో పోయా.

నెల్లూరు దాటగానే పెన్న మీద వంతెన, ఆ తర్వాత పడుగుపాడు. 2021 నవంబరు వరదకి ఇక్కడే పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, ఇప్పుడు కిటికీలో నుంచి చూస్తే ఇసుకలో గేదెలు పడుకుని ఉంటాయి, ఆ నీళ్ళు ఇక్కడే పారాయంటే నమ్మబుద్ధి కాదు. తర్వాత కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్డు, బిట్రగుంట. కారులో ఇన్నేళ్ళు హైవే మీద పోతూ ఈ ఊళ్ళ పేర్లు బోర్డుల మీద కూడా చదవలేదు. రెండు వైపులా వరి, మధ్యలో ఫోను ఛార్జింగు లేకపోతే ఇంకా బాగుంటుంది. ఎక్స్‌ప్రెస్ వెనక వస్తుంటే మన బండిని పక్క లైనులో ఆపేస్తారు, అరగంట అటూ ఇటూ వేసుకునే బయల్దేరాలి. పదింటికి మీటింగు ఉన్న రోజు దీని మీద ఆధారపడను.

అక్టోబరు, నవంబరు

మన వానలు అందరికీ అయిపోయాక వస్తాయి కదా. మొంథా తుఫాను రోజుల్లో సైకిల్ బయటికే తీయలేదు, ఆ వారమంతా ఇంట్లోనే, గీతలు సున్నా, కానీ దాన్ని గెలుపు కింద రాసుకోలేదు. మామూలు వానకి రెయిన్ కోటు కంటే టోపీ ముందు అంచు ముఖ్యం, కళ్ళలో నీళ్ళు పడకుండా. మడ్‌గార్డు లేకపోతే వీపు మీద బురద చార వస్తుంది, అందరికీ తెలిసిపోతుంది.

అండర్ బ్రిడ్జిలు మాత్రం జాగ్రత్త. మాగుంట లేఔట్ దగ్గర గానీ రామలింగాపురం దగ్గర గానీ గట్టి వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, లోతు ఎంతో పైనుంచి తెలియదు. ఒకసారి ముందు బండివాడు పోతున్నాడు కదా అని దిగాను, మధ్యలోకి వచ్చేసరికి పెడల్ నీళ్ళలో. అతని బండి ఆగిపోయింది, నేను దిగి సైకిల్ నెట్టుకుంటూ ఒడ్డున పడ్డా. ఆ తర్వాత చైను తుప్పు పట్టి కిర్రుమని ఏడుపు. వానలో తడిసిన రాత్రే గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె అయినా సరే రెండు చుక్కలు వేయండి, పొద్దున చూద్దాంలే అనుకుంటే అంతే.

డిసెంబరు

లెక్క. జనవరిలో నెలకి బండి 450 కిలోమీటర్లు, కారు 400, పెట్రోలు మొత్తం నాలుగు వేల రెండొందలు. నవంబరులో బండి 140, కారు 160, పెట్రోలు పదహారు వందలు. బస్సు, రైలు, ఆటో కలిపి ఆరు వందలు తీసేస్తే నెలకి రెండు వేలు మిగులుతోంది, అంటే సైకిల్‌కి పెట్టింది తిరిగి రావడానికి నాలుగైదు నెలలు. నడుము రెండంగుళాలు తగ్గింది, బరువు మాత్రం కిలోన్నరే, ఆకలి పెరిగితే ఇంకేం తగ్గుతుంది.

కుదరనివి కుదరలేదు. అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి కారే, అందులో మొహమాటం లేదు. రాత్రి తొమ్మిది దాటాక సైకిల్ లేదు.

మొన్న ఆదివారం అమ్మకి కాలు నొప్పి అంటే కారు తీయబోయా, తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం, ఆపైన ఏమీ లేదు. పద్దెనిమిది రోజులు కదపలేదు, బ్యాటరీ డౌన్. మెకానిక్కు వచ్చి స్టార్ట్ చేసి, "వారానికోసారన్నా ఇరవై నిమిషాలు తిప్పన్నా, లేకుంటే కొత్త బ్యాటరీ కొనాల" అన్నాడు. నోటుబుక్కులో ఈ వారం "కారు, బ్యాటరీ కోసం, 9 కిలోమీటర్లు" అని రాసుకున్నా. ఊరికే తిప్పడం ఎందుకని వస్తూ వస్తూ కరివేపాకు తెచ్చా.