‘ఐ గాట్ రిపేర్డ్’ అంటే బాగుపడింది ఎవరు?

“బండి రిపేరికొచ్చింది. నిన్న చేపిచ్చినా.” అనంతపురం క్లాక్ టవర్ దగ్గర నిలబడి ఎవరన్నా ఈ మాట అంటే వినేవాడికి ఒక్క అనుమానమూ రాదు. రెండో వాక్యంలో ‘నేను’ లేదు, ‘దాన్ని’ లేదు, మెకానిక్కు ఊసే లేదు. చివరి ‘నా’ చేయించింది నేనని చెప్తుంది, మధ్యలోని ‘ఇచ్చి’ చేసింది వేరేవాడని చెప్తుంది. ఒకే మాటలో అన్నీ సర్దేసుకున్నాం.

అదే పొదుపుతో ఇంగ్లీషులోకి పోతే తంటా మొదలవుతుంది. “ఐ రిపేర్డ్ ద బైక్” అంటే స్పానర్ పట్టుకున్నది మీరే. “ఐ గాట్ రిపేర్డ్” అంటే ఇంకా అన్యాయం, బాగుపడింది కూడా మీరే! కావలసింది “ఐ గాట్ ఇట్ రిపేర్డ్”. తెలుగులో మనం మింగేసే ఆ ‘దాన్ని’ ఇంగ్లీషులో మింగితే అర్థమే మారిపోతుంది.

మనకు చేయించడమనేది క్రియకు తగిలించే ‘ఇంచు’లో ఉంటుంది, పైన ‘ఇచ్చి’ అయింది అదే. ఇంగ్లీషులో అది మాటల వరసలో ఉంటుంది. అందుకే సర్వనామాన్ని ఎక్కడ కూర్చోబెట్టామన్నది అంత ముఖ్యం. కడపవాళ్లకు దగ్గరి ఉదాహరణ సి.పి. బ్రౌన్. 1820లో కడపకొచ్చిన ఆయన తన బంగళాలో పండితులను పెట్టుకుని తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఆ కావ్యాల గురించి “బ్రౌన్ హ్యాడ్ కాపీడ్ దెమ్” అంటే, అంతకు ముందే ఆయన స్వయంగా కూర్చుని రాసుకున్నాడని అర్థం. “బ్రౌన్ హ్యాడ్ దెమ్ కాపీడ్” అంటే రాయించాడని. మాటలు అవే నాలుగు. ‘దెమ్’ ఒక్క అడుగు ముందుకు జరిగింది, కలం ఆయన చేతిలోంచి పండితుల చేతిలోకి పోయింది.

ఇంకో మెలిక ఉంది. “హ్యాడ్ దెమ్ కాపీడ్”లో ‘దెమ్’ అంటే కావ్యాలు. “హ్యాడ్ దెమ్ కాపీ ద పోయెమ్స్”లో ‘దెమ్’ అంటే పండితులు. సర్వనామం రూపం చూస్తే ఏమీ తెలియదు, దాని వెనకాల వచ్చే క్రియను చూడాలి. ‘కాపీ’ లాంటి మామూలు రూపం ఉంటే మధ్యలో కూర్చున్నవాడు పని చేసేవాడు. ‘కాపీడ్’ లాంటి మూడో రూపం ఉంటే మధ్యలో ఉన్నదాని మీద పని జరుగుతోంది. “గెట్ హిమ్ టు వాష్ ఇట్” అంటే అతనితో దాన్ని కడిగించు. “గెట్ హిమ్ వాష్డ్” అంటే అతనికి స్నానం చేయించు. ఇది పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

“టీచర్ మేడ్ హి వెయిట్” అనే తప్పు ఎందుకొస్తుందో ఊహించొచ్చు. కాచుకున్నది అతనే కదా, కర్తే కదా, ‘హి’ అంటే ఏం? కానీ ఆ చోట ఎవరు కూర్చున్నా వాళ్లకు కర్మ వేషమే: మి, హిమ్, హర్, అస్, దెమ్. తెలుగులో “నన్ను పోనీ” అంటాం గానీ “నేను పోనీ” అనం. ‘లెట్ మి గో’ కూడా అంతే కాబట్టి ‘లెట్’ దగ్గర మన భాషే దారి చూపిస్తుంది. తడబాటంతా ‘చేయించు’ దగ్గరే, ఎందుకంటే అక్కడ మనం ‘అతనితో’ అంటాం. ఆ ‘తో’ను పట్టుకుని “ఐ డిడ్ ద వర్క్ విత్ హిమ్” అంటే ఇద్దరూ కలిసి చేశారని అర్థమవుతుంది, కూలి మీరూ పంచుకోవాల్సొస్తుంది.

‘టు’ సంగతి చిన్నదే. మేక్, లెట్, హ్యావ్ తర్వాత అది రాదు. గెట్ తర్వాత తప్పకుండా వస్తుంది. హెల్ప్‌కు ఉన్నా లేకున్నా ఒకటే. “హి మేడ్ మి టు వెయిట్” మనవైపు బాగా వినిపించే తప్పు. తమాషా ఏమంటే వాక్యాన్ని తిరగేస్తే అదే ‘టు’ న్యాయంగా తిరిగొస్తుంది: “ఐ వాస్ మేడ్ టు వెయిట్.” లెట్‌ను మాత్రం ఇట్లా తిరగేయకండి, “ఐ వాస్ అలౌడ్ టు గో” అనండి.

తెలుగు ‘ఇంచు’ ఒక్కటే ఎన్నో పనులు చేస్తుంది. పిల్లాడితో హోంవర్క్ చేయించినా అంటే బెదిరించారో బుజ్జగించారో తెలియదు. ఇంగ్లీషు అడుగుతుంది. ఇష్టం లేకున్నా చేయిస్తే ‘మేడ్ హిమ్ డూ ఇట్’. నచ్చజెప్పి, వెంటపడి చేయిస్తే ‘గాట్ హిమ్ టు డూ ఇట్’. అది అతని పనే అయి, మీరు పురమాయిస్తే ‘హ్యాడ్ హిమ్ డూ ఇట్’. ఎటూ తేలకపోతే ‘గెట్’ వాడండి, మాటల్లో దాంతో పెద్దగా ఇబ్బంది రాదు. అన్నం తినిపించడానికి మాత్రం ‘మేక్’ జోలికి పోవద్దు. “మై మదర్ మేడ్ మి ఈట్” అంటే వద్దన్నా బలవంతంగా తినిపించిందని. ముద్దలు కలిపి పెట్టడానికి ‘ఫెడ్ మి’ అనే మాట వేరే ఉంది. అట్లే చూపించడానికి ‘షో’, పంపించడానికి ‘సెండ్’. ‘ఇంచు’ కనబడగానే మేక్ వెతుక్కోనక్కరలేదు.

‘కుట్టించినా’కూ ‘కుట్టించుకున్నా’కూ ఉన్న తేడా చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం ఇదే ముచ్చటైన భాగం. ధర్మవరం పట్టుచీర మీదికి జాకెట్టు కుట్టించుకున్నా అంటే అది నాకోసం. ‘కుట్టించుకొను’లోని ఆ ‘కొను’ పనిని ఇంగ్లీషులో ‘మై’ చేస్తుంది: “ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్.” ‘మైసెల్ఫ్’ తేవద్దు. “ఐ గాట్ మైసెల్ఫ్ స్టిచ్డ్” అంటే కుట్లు వేయించుకోవడం, అది టైలరు పని కాదు, డాక్టరు పని. కటింగ్ చేయించుకున్నా అనడానికీ “ఐ గాట్ మై హెయిర్ కట్” చాలు.

‘సెల్ఫ్’ మాటలకు ఒక గుణం ఉంది. చేయించే వాక్యం చివర్లో వస్తే అవి మొదట్లో ఉన్న పెద్దమనిషి వైపు చూడవు, మధ్యలో కూర్చున్నవాడి వైపే చూస్తాయి. “షి మేడ్ మి ఇంట్రడ్యూస్ మైసెల్ఫ్” సరైనదే, పరిచయం చేసుకున్నది నేను. ఆమెను నలుగురికీ పరిచయం చేయమని నాకు పురమాయిస్తే “షి మేడ్ మి ఇంట్రడ్యూస్ హర్” అనాలి, ‘హర్‌సెల్ఫ్’ కుదరదు. “ఐ మేడ్ హిమ్ హెల్ప్ మి” కూడా అంతే, అక్కడ ‘మైసెల్ఫ్’ తప్పు. తెలుగు ‘తన’కు ఈ పట్టింపు లేదు. సుబ్బన్న కొడుకుతో తన బండి కడిగించినాడంటే ఆ బండి ఎవరిదో సందర్భాన్ని బట్టి తేల్చుకుంటాం. ‘హిజ్ బైక్’ అన్నా అదే గందరగోళం, ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ మనకంటే తెలివైనవాళ్లేం కాదు.

మనకు మనం, మేము వేరువేరు. ఇంగ్లీషుకు రెండింటికీ ‘అస్’ ఒకటే. అయినా ఒక్కచోట ఆ తేడా బయటపడుతుంది. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో పోలీసు బండి ఆపితే “లెట్ అస్ గో, సర్” అంటే మమ్మల్ని పోనీండి సార్ అని. కంగారులో కుదించి “లెట్స్ గో, సర్” అన్నారనుకోండి, పదండి సార్ మనం పోదాం అని ఆయన్నీ బండెక్కించుకున్నట్టు. మామూలు మాటల్లో ‘లెట్స్’ ఎప్పుడూ మనమే, మేము కాదు.

వినేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్య సీటులోని సర్వనామాన్ని గబగబా మాట్లాడేవాళ్లు నొక్కి పలకరు. ‘గెట్ హిమ్ టు’ చెవికి ‘గెటిమ్‌టు’ అని, ‘లెట్ దెమ్’ అన్నది ‘లెటెమ్’ అని పడుతుంది. ఫోన్ ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు దాన్ని అనుకరించనక్కరలేదు, హిమ్‌ను పూర్తిగా పలికితే తప్పేం లేదు. కానీ “ఐల్ గెటిమ్‌టు కాల్యూ” అని వినబడితే, తిరిగి ఫోన్ చేసేది మాట్లాడుతున్న మనిషి కాదని, ఇంకెవరితోనో చేయిస్తాడని గుర్తుపట్టగలగాలి.