హనుమకొండ ఇంటి కెమెరాలు: ఒక్క పోర్టూ తెరవకుండా హైదరాబాదు నుంచి చూడటం

ఇల్లు హనుమకొండలో, నా ఉద్యోగం హైదరాబాదులో. నాలుగు కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే ఎన్‌వీఆర్ అనే పెట్టె ఒకటి. బిగించినవారు నేను ఫోనులో చూసుకోవడానికి రౌటర్‌లో 554, 8000 పోర్టులు (బయటి నుంచి లోపలి పరికరాన్ని చేరే ద్వారాలు) తెరిచి వెళ్లారు. ఫైబర్ కనెక్షన్ మారాక ఆ దారి పనిచేయలేదు. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి ఎందరో వినియోగదారులు ఒకే పబ్లిక్ చిరునామాను పంచుకునే ఏర్పాటుకు కేటాయించినవి. అక్కడ మన రౌటర్‌లో పోర్టు తెరిచినా ఫలితం లేదు.

స్టాటిక్ ఐపీ (మనకొక్కరికే ఉండే, మారని బయటి చిరునామా) కొని మళ్లీ పోర్టులు తెరవమని సలహా వచ్చింది. నేను ససేమిరా అన్నాను. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులను ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ లక్షల కెమెరాలను, డీవీఆర్‌లనే రికార్డింగు పెట్టెలను లొంగదీసుకుంది. అమ్మ పొద్దున తులసికోట దగ్గర నిలబడే చోటు, ఊరెళ్లినప్పుడు తాళం వేసిన తలుపు కనిపించే పెట్టెను దారినపోయే ప్రతివాడూ తట్టగలిగే చోట పెట్టను.

మొదట పాత పోర్టు నియమాలు తీసేసి, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే పోర్టులు తెరిపించుకునే సదుపాయం), ఎన్‌వీఆర్ క్లౌడ్ సేవ ఆపాను. ఫర్మ్‌వేర్ (పెట్టెలోని సాఫ్ట్‌వేర్), పాస్‌వర్డు మార్చాను. చాలామంది చూడనిది ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామాల పద్ధతి: దానిలో ప్రతి పరికరానికీ నేరుగా బయటి చిరునామా రావచ్చు. రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ పనిచేస్తోందని చూసుకుని, ఎన్‌వీఆర్‌లో ఐపీవీ6ను పూర్తిగా ఆపేశాను.

తర్వాత ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ (ఇకపై ‘పై’) పెట్టి అందులోనూ, నా ఫోనులోనూ టెయిల్‌స్కేల్ వేశాను; మన పరికరాలను ఇంటర్నెట్ మీదుగా రహస్యంగా కలిపే సేవ అది. అది వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద నడుస్తుంది. ఇంటి వైపు నుంచి సంబంధం బయటికే మొదలవుతుంది కాబట్టి పోర్టు తెరిచే అవసరమే లేదు. ‘పై’లో ఐపీ ఫార్వర్డింగ్ (వచ్చిన డేటాను ఇతర పరికరాలకు అందించడం) పెట్టి, ఇంటి నెట్‌వర్కుకు దారి దాని ద్వారానే అని ప్రకటించి, టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఆ రూటును ఆమోదించాలి.

ఇక్కడే పని చిక్కుబడింది. మొబైల్ డేటాలో చక్కగా కనిపించే గేటు, హైదరాబాదులో నా గది వైఫైలోకి రాగానే మాయమయ్యేది. రెండు చోట్లా లోపలి చిరునామాలు 192.168.1తోనే మొదలవడం వల్ల ఫోను ఎన్‌వీఆర్‌ను గదిలోనే వెతుకుతోంది. ఇంటి నెట్‌వర్కును 192.168.47కు మార్చాక సరిపోయింది. ఇల్లు కొత్తగా సర్దుకునేవారు మొదటి రోజే ఈ అంకె మార్చుకుంటే మంచిది.

ఎన్‌వీఆర్‌కు ఇంటర్నెట్‌ను రౌటర్‌లో పూర్తిగా కట్టేశాను. దాంతో దాని గడియారాన్ని సరిచేసేవారు లేకుండా పోయారు. రేపు పోలీసులకు చూపాల్సిన రికార్డింగులో సమయం తప్పితే ఎలా? ‘పై’ మీద క్రోనీ అనే సమయం సరిచేసే ప్రోగ్రాము నడిపి, ఎన్‌వీఆర్ సమయాన్ని అక్కడి నుంచే తీసుకునేలా పెట్టాను.

టెయిల్‌స్కేల్‌లో పరికరాలను గుర్తించే తాళంచెవుల గడువు మామూలుగా 180 రోజులు. ‘పై’కి మాత్రం గడువు తీసేశాను, లేకపోతే నేను ఊళ్లో లేనప్పుడు దారి మూసుకుపోతుంది. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టాను. దూరం నుంచి చూసేది 512 కేబీపీఎస్ సబ్ స్ట్రీమ్, అంటే తక్కువ డేటా తీసుకునే చిన్న వీడియో. కాజీపేట నుంచి సికింద్రాబాదు రైలులోనూ ఆగకుండా వచ్చింది. అమ్మ ఇంటి వైఫైలో మునుపటిలాగే చూసుకుంటోంది.

పరీక్ష సులువే: టెయిల్‌స్కేల్ ఆపి, మొబైల్ డేటాలో యాప్ తెరిస్తే ఎన్‌వీఆర్ దొరకకూడదు. దొరకలేదు. చాలా సంతోషమేసింది.

ఇక మిగిలింది కరెంటు పోయినప్పుడు రౌటర్‌నూ ‘పై’నీ నిలబెట్టే చిన్న యూపీఎస్, కోతులు లాగుతున్న పెరటి కెమెరా తీగకు పీవీసీ పైపు.