రెండు గ్లాసుల నీళ్ళు, పియాజే, నా టెట్

టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష, రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. ఈసారి 112. పోయినసారి 87, పాసవ్వడానికి కావాల్సిన 90కి మూడు తక్కువ. ఆ మూడూ ఎక్కడ పోయాయో నాకు తెలుసు. శిశు వికాసంలో 30కి 13 వచ్చాయి. భాషలు, కంటెంట్ అందరూ చదివినట్టే చదివాను, కొత్తగా చెప్పేదేం లేదు. సంజ్ఞానాత్మక వికాసం, అంటే పిల్లల ఆలోచన ఎదిగే తీరు, దాని గురించే చెప్తాను. నన్ను ముంచిందీ తేల్చిందీ అదే.

పిల్లల ఆలోచన దశలవారీగా ఎదుగుతుందని చెప్పిన స్విస్ మనోవిజ్ఞాని పియాజే. అప్పట్లో ఆయన దశలు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇంద్రియ చాలక 0–2, పూర్వ ప్రచాలక 2–7, మూర్త ప్రచాలక 7–11, ఆపైన అమూర్త ప్రచాలక. గోడకి చార్ట్ కూడా అంటించాను. తీరా హాల్లో చూస్తే ప్రశ్నలో వయసూ లేదు, దశ పేరూ లేదు. బొమ్మకి చలేస్తుందని దుప్పటి కప్పే పాప ఉంది. ఆప్షన్లు నాలుగూ నాకు తెలిసిన మాటలే, అదే అసలు బాధ. సర్వాత్మవాదం (ప్రాణం లేనివాటికీ ప్రాణం ఉందనుకోవడం) పెట్టాల్సిన చోట అహం కేంద్రీకృతం (అందరూ తనలాగే చూస్తారనుకోవడం) పెట్టి వచ్చాను. కష్టపడలేదని మాత్రం అనుకోకండి. రోజుకి ఆరు గంటలు కూర్చున్నాను. ఇంట్లో వాళ్ళకి ఆ ఆరు గంటలు కనిపించలేదు, 87 ఒక్కటే కనిపించింది.

సెలవులకి అక్క వచ్చింది. వాళ్ళబ్బాయికి అప్పుడు అయిదేళ్ళు. ఏదో విసుగులో వాడి ముందు ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోశాను. రెండూ ఒకటేనా అంటే వంగి, కన్ను ఆనించి చూసి "ఒకటే" అన్నాడు. ఒక గ్లాసు నీళ్ళు వాడి కళ్ళముందే సన్నటి పొడవాటి గ్లాసులోకి వంచాను. "ఇప్పుడు?"

"దీంట్లో ఎక్కువ పిన్నీ."

"నేనేమైనా కలిపానా?"

"లేదు. కానీ ఎక్కువయ్యాయి. చూడు, ఇక్కడిదాకా ఉన్నాయి." వేలు పెట్టి మరీ చూపించాడు.

ఎత్తు చూశాడు, వెడల్పు వదిలేశాడు. అదే ఏకమితి. నీళ్ళు తిరిగి పాత గ్లాసులో పోస్తే సరిపోతాయి కదా అన్న ఆలోచనే వాడికి రాలేదు. ఆకారం మారినా పరిమాణం మారదని తెలియకపోవడమే పదిలపరచుకొనే భావనా లోపం. ఇరవైసార్లు బట్టీ పట్టిన ఆ మాట వాడి వేలి కొసన కనిపించింది.

1920 ప్రాంతంలో పియాజే పారిస్‌లో పిల్లల ప్రజ్ఞా పరీక్షలపై పనిచేస్తూ, ఒకే వయసు పిల్లలు ఒకే రకం తప్పులు చేస్తున్నారని గమనించాడు. మనమేమో సరైన జవాబులే చదువుతాం. నేను ఆ రోజు నుంచి తప్పులు చదివాను. ఎనిమిది, తొమ్మిది నెలల పాప గుడ్డ కింద దాచిన బొమ్మను తీస్తుంది. అదే బొమ్మను తన కళ్ళముందే పక్క గుడ్డ కిందికి మార్చినా మళ్ళీ మొదటి గుడ్డే లాగుతుంది. వస్తు స్థిరత్వం, అంటే కనిపించకపోయినా వస్తువు ఉంటుందన్న ఎరుక, మొదలైంది గానీ పూర్తి కాలేదన్నమాట. అటు చివరి దశకి లోలకం, అంటే దారానికి కట్టి ఊపే బరువు. ఊగే వేగం దేన్ని బట్టి మారుతుందంటే, చిన్నవాళ్ళు దారం పొడవు, బరువు అన్నీ ఒకేసారి మార్చి తికమకపడతారు. కౌమారంలో ఉన్నవాళ్ళు ఒకటి మార్చి, మిగతావి కదపకుండా చూస్తారు.

రష్యన్ మనోవిజ్ఞాని వైగోట్‌స్కీని విడిగా కాకుండా పియాజే పక్కన పెట్టి చదవండి. ఇద్దరూ 1896లోనే పుట్టారు. పిల్లవాడు ఆడుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటే పియాజేకి అది అహం కేంద్రీకృత భాష, వయసుతో పోయేది. వైగోట్‌స్కీకి అదే ఆలోచనకి సాయం, మెల్లగా లోపలి మాటగా మారేది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే రెండు మార్కులు ఎక్కడికీ పోవు.

ఇక ఫోన్. గ్రూపుల్లో పీడీఎఫ్‌లు పోగేయడం చదువు కాదు. నా దగ్గర మూడొందలు ఉండేవి, తెరిచినవి పది. కోపం తెచ్చుకోకండి, నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

రిజల్ట్ రోజు అక్కావాళ్ళు వచ్చారు. వాడికిప్పుడు ఏడో ఏడు. మళ్ళీ గ్లాసులు తీశాను. "అవే నీళ్ళు కదా పిన్నీ, మళ్ళీ ఇందులో పోస్తే అంతే వస్తాయి" అన్నాడు విసుగ్గా. సరే అని రెండు మట్టి ఉండలు చేసి, ఒకదాన్ని బల్లపరుపుగా నొక్కి, ఏది బరువని అడిగాను. ఉండే బరువట! బరువు పదిలత తొమ్మిది, పదేళ్ళకి గానీ రాదు, ఘనపరిమాణానిది ఇంకా తర్వాత. పుస్తకంలో ఆ వాక్యం కింద ఎప్పుడో గీత గీశాను. టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.