తమ్ముడు చూసిన యాజ్ ఈజ్ ఇల్లు

ఈ శనివారమంతా తమ్ముడి ఇంట్లోనే గడిచిపోయింది. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో వాళ్ళకో ఇల్లు నచ్చింది, 1972లో కట్టింది, మరదలైతే పెరట్లో పీకాన్ చెట్టు చూసిన దగ్గర్నుంచీ అదే మాట. కానీ లిస్టింగ్‌లో యాజ్ ఈజ్, అంటే ఇల్లు ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతాం, అని ఉండేసరికి వాడికి టెన్షన్ పట్టుకుంది. సంతకం పెట్టాక ఏం బయటపడినా మనమే భరించాలి, ఇన్‌స్పెక్షన్ కూడా చేయించుకోనివ్వరు, వదిలేద్దాం అక్కా అంటాడు.

అలా కాదురా అని కాంట్రాక్టు ఫారం తెరిపించాను. టెక్సాస్‌లో పాత ఇళ్ళ అమ్మకాలకు మామూలుగా రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ ఫారమే వాడతారు. దాని ఏడో పేరాలో డి భాగంలో రెండు గళ్ళుంటాయి: ఉన్నది ఉన్నట్టు తీసుకుంటాం అని ఒకటి, ఫలానా రిపేర్లు చేసిస్తే తీసుకుంటాం అని ఇంకోటి. మొదటి గడిలో టిక్కు పెట్టినా ఇల్లు పరీక్ష చేయించుకునే హక్కు, తర్వాత రిపేర్ల గురించి బేరమాడే హక్కు పోవని ఆ పక్కనే రాసుంది. ఆప్షన్ పీరియడ్ కూడా ఉంటుంది. కొంత ఫీజు కట్టి ఒప్పుకున్నన్ని రోజులు తీసుకుంటే, ఆఖరి రోజు సాయంత్రం 5 గంటల లోపు నోటీసు ఇచ్చి ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆ ఫీజు పోతుంది గానీ ఎర్నెస్ట్ మనీ, అంటే బయానాగా కట్టిన డబ్బు, వెనక్కి వస్తుంది.

అమ్మేవాళ్ళకూ ఇష్టమొచ్చినట్టు నోరు మూసుకునే వీల్లేదు. తమకు తెలిసిన లోపాలు డిస్‌క్లోజర్ నోటీసులో రాసివ్వాలి, యాజ్ ఈజ్ అన్నంత మాత్రాన అది తప్పదు. వారసత్వ ఆస్తిని వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్ అమ్మినా, అప్పు తీరక ఫోర్‌క్లోజర్‌లో పోయినా మాత్రం మినహాయింపు ఉంది, అలాంటి ఇంటి విషయంలో మనం రెట్టింపు జాగ్రత్తగా చూసుకోవాలి. 1995లో టెక్సాస్ సుప్రీం కోర్టు ఆస్టిన్‌లో ఆస్‌బెస్టాస్ (ఆరోగ్యానికి హాని చేసే పాత కట్టడ పదార్థం) ఉన్న ఒక ఆఫీసు బిల్డింగ్ కేసులో యాజ్ ఈజ్ షరతు చెల్లుతుందనే చెప్పింది, కొన్నవాళ్ళు ఓడిపోయారు కూడా. కానీ అమ్మినవాళ్ళు అబద్ధం చెప్పినా, తెలిసి దాచినా, పరీక్షకు అడ్డుపడినా ఆ షరతు వాళ్ళను కాపాడదని అదే తీర్పులో ఉంది. నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఆ రెండు ముక్కలు చూసే భయపడి మంచి ఇళ్ళు వదిలేసుకుంటున్నారు, లేదా ఎలాగూ అడగడానికి లేదనుకుని ఏమీ చూడకుండా కొనేస్తున్నారు.

ఈ ఇంటి నోటీసులో గతంలో ఫౌండేషన్ రిపేరు అయిందని రాశారు. డాలస్ చుట్టూ ఉన్నది బంకమట్టి, వానకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది, దాంతో ఇంటి అడుగున పునాదిగా ఉండే కాంక్రీటు స్లాబ్ కదులుతుంది. అందుకే మామూలు ఇన్‌స్పెక్టర్ ఒక్కడే చాలడు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను కూడా పిలవమన్నాను. ఆ కాలం ఇళ్ళలో స్లాబ్ కింద డ్రైనేజీ పైపులు చాలావరకు క్యాస్ట్ ఐరన్‌వి, లీకైతే తవ్వి మార్చడం మామూలు ఖర్చు కాదు. ఆ లీకు పట్టుకునేది పైపుల్లో నీళ్ళు నింపి చూసే హైడ్రోస్టాటిక్ టెస్ట్. కాకపోతే ఆ పరీక్షతోనే పాత పైపు దెబ్బతినొచ్చు కాబట్టి దానికి అమ్మేవాళ్ళు విడిగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ ఫారం వేరే ఉంది. 1978కి ముందు కట్టింది కాబట్టి లెడ్ పెయింట్ (సీసం కలిసిన రంగు) గురించిన కాగితం కూడా అమ్మేవాళ్ళు ఇవ్వాలి.

సాయంత్రం విజయవాడ నుంచి నాన్న ఫోన్ చేస్తే ఈ కథంతా చెప్పాను. అక్కడ బ్యాంకు వేలం ప్రకటనల్లోనూ యాజ్ ఈజ్ వేర్ ఈజ్ అనే ఉంటుందని, పాత ఇంటిపన్ను బకాయిలు, లోపల ఖాళీ చేయని మనుషులు అన్నీ కొన్నవాడి నెత్తినే పడతాయని, ముందు అవి తేల్చుకోకుండా డబ్బు కట్టొద్దని గట్టిగా చెప్పారు.

రాత్రికి ఆఫర్ తయారైంది. మొదటి గడిలోనే టిక్కు, 10 రోజుల ఆప్షన్, హైడ్రోస్టాటిక్ టెస్ట్ అనుమతి ఫారం జత చేశాం. మిగతావి ఎంత బేరమాడినా ఫర్వాలేదు గానీ ఆ టెస్టుకు ఒప్పుకోకపోతే ఈ ఇల్లు వద్దని తమ్ముడికి చెప్పి వచ్చాను, పీకాన్ చెట్టున్నా సరే.